మూడు క్రెడిట్లూ, అమ్మ జవాబులూ

ఫోన్లు ఇంకా మడతపెట్టి జేబులో వేసుకునే కాలం అది. దారి తెలియకపోతే ఇంట్లోనే మ్యాపు ప్రింటు తీసుకుని, పక్క సీట్లో కూర్చున్నవాళ్ల చేత చదివించుకుంటూ, వాళ్లతో పోట్లాడుకుంటూ వెళ్లేవాళ్లం. అప్పట్లో అమెరికాలో మా నోవై ఊళ్లో ఉన్న తెలుగువాళ్లందరికీ ఒక నమ్మకం ఉండేది. పిల్లవాడు ఇంజనీరింగ్‌లో చేరాడంటే ఇక వాడి గురించి దిగులు పడక్కర్లేదని. ఆ నమ్మకం నాకూ ఉండేది. నా మీద నాకంత నమ్మకం ఉండటానికి ఆధారాలేమీ లేవు కానీ, ఇరవై రెండేళ్ల వయసులో ఆధారాలు అడిగేదెవరు?

మెకానికల్ ఇంజనీరింగ్ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. కార్లకి సీట్లు తయారుచేసే ఒక కంపెనీలో ఉద్యోగం కూడా ఖాయమైంది. (సీట్లు మాత్రమే. మిగతా కారంతా ఇంకెవరో చేస్తారు. ఈ సంగతి అమ్మ ఎవరికీ చెప్పనిచ్చేది కాదు. "కార్ల కంపెనీ అను, చాలు" అనేది.) జనవరిలో చేరాలి. ఒకటే షరతు, అప్పటికి డిగ్రీ పూర్తయి ఉండాలి. అక్టోబరులో ఒక మధ్యాహ్నం, అంతా సవ్యంగా ఉందని చెప్పించుకుని సంతోషపడదామని కాలేజీలో అడ్వైజర్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ కళ్లజోడు ముక్కు చివరికి దించి, కంప్యూటర్‌లోకి చూసి, చాలా ప్రేమగా, సోషల్ సైన్స్‌లో నాకు మూడు క్రెడిట్లు, అంటే ఒక క్లాసు, తక్కువున్నాయని చెప్పింది. నేను రెండో ఏడాదిలో సినిమాల చరిత్ర అనే క్లాసు తీసుకున్నాను. చీకటి గదిలో కూర్చుని పాత మూకీ సినిమాలు చూసి మంచి గ్రేడు తెచ్చుకున్నాను. అది సోషల్ సైన్స్ అనుకున్నాను. కాదట, కళల కింద వస్తుందట. సెమిస్టర్ సగం దాటిపోయింది, కొత్త క్లాసులో చేర్చుకోరు.

నా మొహం చూసి ఆవిడకి జాలేసింది. ఇంకో దారి ఉందంది. క్లాసుకి వెళ్లకుండానే, దేశమంతటా ఒకే రకంగా పెట్టే సబ్జెక్టు పరీక్ష ఒకటి రాసి పాసైతే, కాలేజీ ఆ మూడు క్రెడిట్లూ ఇచ్చేస్తుంది. గంటన్నర పరీక్ష, కంప్యూటర్ మీద. నాలుగైదు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడమే. మార్కులు అక్కడికక్కడే తెర మీద కనిపిస్తాయి. ఇంత మంచి సంగతి ఈ దేశంలో ఊరికే చెప్పరని తెలుసు కాబట్టి, ఫెయిలైతే ఏమవుతుందని అడిగాను. ఆర్నెల్ల దాకా మళ్లీ రాయనివ్వరట. ఆర్నెల్లు ఆగి నన్ను తీసుకునేంత ప్రేమ సీట్ల కంపెనీకి నా మీద లేదు.

ఇంటికొచ్చి చెబితే, ఉద్యోగం పోయే ప్రమాదం గురించి ఎవరూ అడగలేదు. నాన్న చేతిలో కాఫీ కప్పు అలాగే ఆగిపోయింది.

"ఒక్క పరీక్ష రాస్తే మూడు క్రెడిట్లా? మరి ఇన్నాళ్లూ క్లాసులకి ఎందుకెళ్లావురా?"

నాలుగేళ్లుగా నా చదువులో ప్రాజెక్టులూ, ప్రెజెంటేషన్లూ, గ్రూపు చర్చలూ తప్ప నాన్నకి అర్థమయ్యే వస్తువేదీ లేదు. ఇన్నాళ్లకి ఒక పరీక్ష వచ్చింది. పుస్తకం ఉంది, తేదీ ఉంది, పాసు ఫెయిలు ఉన్నాయి. ఆయన వయసు పాతికేళ్లు తగ్గిపోయింది. వెంటనే "ఇంపార్టెంట్ క్వశ్చన్స్ ఎక్కడ దొరుకుతాయి?" అన్నాడు. దొరకవంటే నమ్మలేదు. తన స్నేహితుడికి ఫోను చేశాడు. ఆయన్ని మేం రిస్క్ అంకుల్ అనేవాళ్లం. మంచు పడుతుంటే కారు తీయడం రిస్కు, పడకపోతే మంచు టైర్లు మార్చకపోవడం రిస్కు, టైర్లు మారిస్తే ఆ మెకానిక్కుని నమ్మడం రిస్కు. ఆయన స్పీకర్‌లో అంతా విని, "కాలిక్యులస్ రాయమనండి సార్, మనవాళ్లకి అది సేఫ్" అన్నారు. కాలిక్యులస్ ఎప్పుడో అయిపోయిందని, ఇప్పుడు కావాల్సింది సోషల్ సైన్స్ అని నాన్న చెప్పాడు. అంకుల్ తనకి తెలిసిన పిల్లలందర్నీ లెక్కపెట్టుకున్నారు. "మనవాళ్లెవరూ రాసినట్టు లేదే. చాలా రిస్కండీ."

ఉన్నవాటిలో నేను ఎంచుకున్న సబ్జెక్టు, పిల్లల పెరుగుదల, వికాసం. పుట్టిన దగ్గర్నుంచి మనిషి మనసు ఎలా ఎదుగుతుంది, తల్లిదండ్రులు ఏ వయసులో ఏం చేయాలి, ఇవీ అందులో పాఠాలు. ఎందుకదే ఎంచుకున్నావని చెల్లెలు అడిగితే, "మిగతావి చదవాలి, ఇందులో నాకు స్వయంగా పిల్లవాడిగా ఉన్న అనుభవం ఉంది" అని చెప్పాను. హాస్యానికి అన్నాను కానీ లోపల నిజంగానే అలా అనుకున్నాను. లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చి, చదవకముందే వెనకాల ఉన్న నమూనా పరీక్ష రాసేశాను. మా చెల్లెలు హైస్కూల్లో ఉండేది. ఐదేళ్లకే ఈ దేశం వచ్చేసింది కాబట్టి దాని తెలుగు తిన్నగానే బయల్దేరి దారిలో ఇంగ్లీషులోకి తిరిగిపోతుంది. అదే దిద్దింది.

"అన్నయ్యా, కంగ్రాచులేషన్స్. నువ్వు పేరెంట్ అయితే పోలీస్ వస్తారు."

తప్పులు చూసుకుంటే సంగతి తెలిసింది. పుస్తకంలో ప్రశ్నలకి నేను మా ఇంటి జవాబులు రాశాను. పిల్లవాడు అబద్ధం చెబితే ఏం చేయాలి, మార్కులు తక్కువొస్తే ఏమనాలి, పెద్దవాళ్ల మాటలకి అడ్డొస్తే ఎలా నచ్చజెప్పాలి? అలాంటప్పుడు మా ఇంట్లో ఏం జరిగేదో నాకు బాగా తెలుసు, ఒంటి మీదే నేర్చుకున్నాను. పుస్తకం మాత్రం వాటన్నిటినీ 'చేయకూడనివి' అనే పట్టికలో పెట్టింది.

ఇంజనీరుని కాబట్టి, తప్పు ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోవాలంటే నేరుగా యంత్రాన్నే పరీక్షించాలని తోచింది. యంత్రం వంటింట్లో బెండకాయలు తరుగుతోంది.

"అమ్మా, ఒక ప్రశ్న. రెండేళ్ల పిల్ల అన్నం తిననని మొండికేసింది. తల్లి ఏం చేయాలి? ఒకటి, ఎలాగైనా తినిపించాలి. రెండు, తినేదాకా కదలనివ్వకూడదు. మూడు, టీవీ పెట్టి తినిపించాలి. నాలుగు, ఎంత తినాలో పిల్లకే వదిలేసి, ప్లేటు తీసేయాలి."

అమ్మ కత్తి కింద పెట్టింది. "ప్లేటు తీసేయాలా? ఇదేం చోద్యంరా? పిల్ల మాడిపోదూ? మొదటి మూడూ వరసగా చేయాలి. ఒకటి కుదరకపోతే రెండోది."

"ఒకటే చెప్పాలమ్మా."

"ఆ పుస్తకం రాసినాయనకి పిల్లలున్నారా అసలు?"

జవాబు నాలుగోది. ఇంకోటి అడిగాను. పదిహేనేళ్ల కుర్రాడు గది తలుపు వేసుకుంటున్నాడు, ఏం చేయాలి? "తలుపెందుకు వేసుకోవాలి? ఆ గడియ ఊడదీయించాలి." అలాంటి జవాబు పుస్తకంలో లేదని చెప్పాను. "లేకపోతే పేపరు తయారుచేసినవాళ్లది తప్పు" అంది. పిల్లవాడికి మంచి మార్కులొస్తే ఎలా మెచ్చుకోవాలి? "ముందు పక్కింటివాడికి ఎన్నొచ్చాయో కనుక్కోవాలి." తల్లిదండ్రుల్లో నాలుగు రకాలుంటారట, గట్టిగా అదుపు చేసేవాళ్లు, నచ్చజెప్పేవాళ్లు, గారం చేసేవాళ్లు, అసలు పట్టించుకోనివాళ్లు అని చదివి వినిపిస్తే, హాల్లోకి తల తిప్పి, "నేను మొదటి రకం, మీ నాన్న నాలుగో రకం, మధ్యలో రెండు రకాలూ ఎవరికి పుట్టారో నాకు తెలియదు" అంది. చిన్నపిల్లని డేకేర్‌లో దింపేటప్పుడు ఏడుస్తుంటే ఏం చేయాలని అడిగితే మాత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "చెప్పి వెళ్తే ఇంకా ఏడుస్తారు. చేతికి ఒక బొమ్మ ఇచ్చి, చూడకుండా మెల్లగా జారుకోవాలి." పుస్తకం చెప్పేది అదికాదు. మళ్లీ వస్తానని పిల్లతో చెప్పి, చెయ్యూపి వెళ్లాలి.

టేబుల్ దగ్గర కూర్చుని అమ్మ మార్కులు వేస్తున్న చెల్లెలు నన్ను పక్కకి పిలిచింది. దాని మొహంలో భక్తి లాంటిదేదో కనబడింది.

"అన్నయ్యా, దిస్ ఈజ్ అమేజింగ్. ఊరికే గెస్ చేసినా కొన్ని రైట్ వస్తాయి కదా? అమ్మకి ఒక్కటి కూడా రాలేదు."

అక్కడ మొదలైంది మా పద్ధతి. రోజూ సాయంత్రం వంట వేళకి నేను పుస్తకం పట్టుకుని వంటింటి గడపలో నిలబడేవాణ్ణి. ప్రశ్న, జవాబులు చదివేవాణ్ణి. అమ్మ ఏది సరైందంటే దాన్ని కొట్టేసేవాణ్ణి. ఏ జవాబు వినగానే "ఇదేం చోద్యం!" అంటుందో దానికి టిక్కు పెట్టేవాణ్ణి. నమూనా పరీక్షల్లో మార్కులు పైకి లేచాయి. ఒక్క చోటే దెబ్బ తగిలేది, నెలల పిల్లల ప్రశ్నల్లో. పసిబిడ్డ ఏడిస్తే వెంటనే ఎత్తుకోవాలని అమ్మ అంది, పుస్తకమూ అదే అంది. ఒళ్లు మెల్లగా రుద్దితే పిల్లలకి మంచిదని ఇద్దరూ ఒప్పుకున్నారు (నువ్వుల నూనె విషయంలో మాత్రం పుస్తకం మౌనంగా ఉంది). బిడ్డకి ఏడాది నిండేదాకా అమ్మా, పుస్తకమూ ఒక్కమాట మీద ఉండేవాళ్లు. పుట్టినరోజు కేకు కోయగానే విడిపోయేవాళ్లు.

ఇందులో చిక్కేమిటంటే, అమ్మకి ఈ పద్ధతి తెలియదు. కొడుక్కి పాఠం చెబుతున్నాననుకుంది. అమెరికా వచ్చాక మా చదువుల్లో ఆవిడ చేయి పెట్టే అవకాశమే రాలేదు. స్కూల్లో మీటింగులకి నాన్నే వెళ్లేవాడు, హోంవర్కులు ఆవిడకి అర్థం కాని ఇంగ్లీషులో ఉండేవి. ఇప్పుడు కొడుకు పుస్తకం పట్టుకుని తన దగ్గరికే వస్తున్నాడు. "మావాడికి ఆ సబ్జెక్టు నేనే చెబుతున్నానండీ" అని ఆవిడ ఫోనులో ఎవరితోనో అంటుంటే విన్నాను. చెప్పేద్దామా అని చెల్లెల్ని అడిగాను. "మార్కులు బాగా వస్తున్నాయి కదా, డోంట్ టచ్ ఎనీథింగ్" అంది. (ఇది కూడా ఇంజనీరింగ్ సూత్రమే. నాలుగేళ్లలో నేను నేర్చుకోలేదు, పదహారేళ్ల దానికి తెలుసు.)

పరీక్ష రోజు నోవై అంతా తెల్లగా ఉంది. నాన్న ఎప్పుడు లేచాడో, ఇంటి ముందు డ్రైవ్‌వేలో మంచు మొత్తం ఎత్తిపోసి, కారు వేడి చేసి, కోటు వేసుకుని సిద్ధంగా కూర్చున్నాడు. పరీక్ష కంప్యూటర్ మీద అని ఎన్నిసార్లు చెప్పినా, చెక్కిన పెన్సిళ్లు నాలుగు, కొత్త రబ్బరు ఒకటి నా జేబులో పెట్టాడు. హాల్ టికెట్ ఉందా అని అడిగాడు. అమ్మ పెరుగులో చక్కెర కలిపి నోట్లో పెట్టింది. నేనొక్కణ్ణే డ్రైవ్ చేసుకుంటూ వెళ్తానంటే ఎవరూ వినలేదు. మా ఇళ్లల్లో పరీక్ష ఒక్కడు రాసేది కాదు. నలుగురం బయల్దేరాం. దారిలో రిస్క్ అంకుల్ ఫోను చేసి, ఇంత మంచులో వెళ్లడం రిస్కని, వెళ్లకపోతే ఇంకా రిస్కని చెప్పి పెట్టేశారు.

సెంటర్ దగ్గర దిగుతుంటే అమ్మ కిటికీ అద్దం దించి నా చెయ్యి పట్టుకుంది.

"ఒరేయ్, ఏ ప్రశ్న దగ్గరైనా డౌటొస్తే కంగారు పడకు. నేనైతే ఏమంటానో తలచుకో."

"తప్పకుండా అదే చేస్తానమ్మా" అన్నాను. అంత నిజాయితీగా నేను అమ్మకి మాటివ్వడం అదే మొదటిసారి. వెనక సీట్లో చెల్లెలు స్కార్ఫు నోట్లో కుక్కుకుంది.

లోపల ఒక కుర్రాడు నా జేబులన్నీ ఖాళీ చేయించి, నాన్న పెన్సిళ్లని లాకర్లో పెట్టించాడు. చిన్న గది, వరసగా కంప్యూటర్లు, మూలన గడియారంలా తెర మీదే పరిగెత్తే సమయం. ప్రశ్నలు మొదలయ్యాయి. అమ్మని తలచుకున్నాను, తలచుకున్నదాన్ని కొట్టేశాను. మళ్లీ తలచుకున్నాను, మళ్లీ కొట్టేశాను. నా తలలో అమ్మ ఒక్కో జవాబుకీ "ఇదేం చోద్యం!" అంటూనే ఉంది, నేను టిక్కు పెడుతూనే ఉన్నాను. అంతా నున్నగా సాగిపోతోంది. అప్పుడొచ్చింది ఆ ప్రశ్న. చిన్నపిల్లని మొదటిసారి డేకేర్‌లో దింపుతున్న తల్లి ఏం చేయాలి?

సులువే. అమ్మ చెప్పింది జారుకోవాలని, కాబట్టి దాన్ని కొట్టేయాలి. కొట్టేయబోయాను. తలలో అమ్మ ఈసారి మాట్లాడలేదు, కనబడింది.

మేం ఇక్కడికొచ్చిన మొదటి చలికాలం. చెల్లెలికి ఐదేళ్లు, కిండర్‌గార్టెన్ మొదటి రోజు. నాకు బడి ఆ మర్నాడు, అందుకని అమ్మ నన్నూ వెంటబెట్టుకెళ్లింది. "దాన్ని లోపల కూర్చోబెట్టి మెల్లగా జారుకుందాం, వెనక్కి చూడకు" అని దారంతా నాకు శిక్షణ ఇచ్చింది. తీరా తలుపు దగ్గరికి వెళ్లాక, అమ్మ ఆ మంచు బూట్లతోనే మోకాళ్ల మీద కూర్చుని, చెల్లెలి టోపీ సర్ది, "అమ్మ ఇప్పుడు వెళ్తుంది. మూడింటికి ఇదే తలుపు దగ్గర ఉంటుంది. ఇదే తలుపు, సరేనా?" అంది. చెయ్యూపింది. అప్పటికి అమ్మకి డ్రైవింగు రాదు, నాన్న ఆఫీసుకి వెళ్లిపోయాడు. ఆ రోజు మేమిద్దరం రోడ్డుకి అవతల ఉన్న లైబ్రరీలో, అర్థంకాని పుస్తకాలు ముందేసుకుని, కిటికీలోంచి ఆ తలుపుని చూస్తూ కూర్చున్నాం. మూడింటికి ఇదే తలుపు అంటే ఇదే తలుపు. చెల్లెలు ఏడవలేదు. అమ్మ ఏడవలేదు. ఏడ్చినవాడెవడో ఇక్కడ అప్రస్తుతం.

పిల్లతో చెప్పి, చెయ్యూపి వెళ్లాలి. అది పుస్తకం జవాబు. అమ్మ చేసిందీ అదే. వంటింట్లో నిలబడి నోటితో చెప్పిన జవాబులన్నీ తప్పే, కానీ ఆవిడ చేసిన పనుల జోలికి నా పద్ధతి ఎప్పుడూ వెళ్లలేదు. ఈ ఘట్టంలో నా కళ్లు చెమర్చాయని రాస్తే బావుంటుంది. కానీ మూలన సమయం పరిగెడుతోంది, ఇంకా చాలా ప్రశ్నలున్నాయి. టిక్కు పెట్టి ముందుకెళ్లాను. కాకపోతే ఆ తర్వాత చిక్కు ప్రశ్న వచ్చినప్పుడల్లా, అమ్మ ఏమంటుందో ఒకసారి, ఏం చేసిందో ఒకసారి, రెండూ తలచుకున్నాను. అందువల్ల పరీక్ష ఆలస్యమైంది, సమయం అయిపోతుండగా చివరి ప్రశ్నకి జవాబు నొక్కాను.

మార్కులు చూస్తావా, లేక పరీక్షే రద్దు చేసుకుంటావా అని కంప్యూటర్ మర్యాదగా అడిగింది. నాన్నకి అలాంటి సౌకర్యం ఏ పరీక్షలోనూ ఇచ్చి ఉండరు. చూస్తానన్నాను. కావాల్సినదానికంటే ఎక్కువే వచ్చాయి. గొప్పగా కాదు, హాయిగా.

బయట హాల్లో ముగ్గురూ కోట్లు విప్పకుండా వరసగా కూర్చుని ఉన్నారు, ఆపరేషన్ థియేటర్ ముందు కూర్చున్నట్టు. పాసయ్యానని చెబితే నాన్న లేచి ఎవరో తెలియని పెద్దమనిషితో చేయి కలిపేశాడు. అమ్మ నా తల మీద చేయి పెట్టింది. కార్లో కూర్చున్నాక మొదలుపెట్టింది.

"చూశావా? ఇంట్లో టీచర్ని పెట్టుకుని ఊళ్లో వెతుక్కున్నారు ఇన్నాళ్లూ. అంటే నేను చెప్పినవన్నీ వచ్చాయన్నమాట."

"వచ్చాయమ్మా" అన్నాను.

అప్పుడు చెల్లెలు, ఇన్ని వారాలు ఆపుకున్నది ఇక ఆపుకోలేక, పకపకా నవ్వుతూ మొత్తం చెప్పేసింది. "అమ్మా, నువ్వు ఏది చెప్తే అన్నయ్య అది కొట్టేస్తాడు. నువ్వు చోద్యం అంటే అది రైట్ ఆన్సర్. యు వర్ ది ఆన్సర్ కీ, బట్ బ్యాక్‌వర్డ్స్!"

నాన్న రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, ఈ విషయంలో తానింకా నాలుగో రకమేనని నిరూపించుకుంటూ డ్రైవ్ చేశాడు. నాకు మార్కులు తగ్గినా బావుండునని ఒక్క క్షణం అనిపించింది. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. రెండు సిగ్నళ్లు దాటాం.

"అన్నీ తప్పేనా?" అంది చివరికి.

"నెలల పిల్లలవి కాదమ్మా. అవి కరెక్టే."

"మిగతావి అన్నీ?"

"దాదాపు."

అమ్మ తల ఊపింది. "అన్నిట్లోనూ తప్పు చెప్పాలన్నా నిలకడ ఉండాలిరా. ఒకపూట ఒకటి, ఒకపూట ఇంకోటి చెప్పేదాన్నయితే నువ్వు ఫెయిలయ్యేవాడివి." ఆపైన, "ఆ మూడు క్రెడిట్లలో ఒకటిన్నర నాది" అంది. అంటూనే నవ్వేసింది. నాన్న అప్పుడు ఊపిరి పీల్చుకుని, రిస్కేమీ లేదని తేలాక, తనూ నవ్వాడు. డేకేర్ ప్రశ్న సంగతి ఆవిడకి అప్పుడే చెప్పాను. "ఆ రోజు జారుకుందామనే అనుకున్నాను. అది నా చెయ్యి వదల్లేదు, ఏం చేయను?" అంది. మోకాళ్ల మీద మంచు తడి ఇంటికెళ్లేదాకా ఆరలేదట. ఆవిడకి గుర్తున్నది అది.

జనవరిలో ఉద్యోగంలో చేరాను. కార్ల కంపెనీయే.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మా ఇంట్లో ఒక రెండేళ్ల పిల్ల ఉంది. నాదే. మొన్న సాయంత్రం పప్పన్నం ప్లేటు పట్టుకుని, సోఫా చుట్టూ, మెట్ల మీదా, డైనింగ్ టేబుల్ కిందా దాని వెనక తిరుగుతున్నాను. బతిమాలాను. కదలనివ్వనని కుర్చీలో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను (సీట్ల గురించి నాకు తెలుసు). అది పెదాలు బిగించి నన్ను చూస్తోంది. రెండు వీధుల అవతల నుంచి వచ్చిన అమ్మ సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, ఇదంతా నింపాదిగా గమనిస్తోంది.

"వదిలేయరా" అంది. "ఎంత తినాలో దానికి తెలుసు. ఆ ప్లేటు తీసేయి. ఆకలేస్తే అదే అడుగుతుంది."

ప్రశ్న అదే, జవాబు నాలుగోదే. జాతీయ స్థాయి పరీక్షలో ఈ సబ్జెక్టు పాసైన వాణ్ణి నేను. పైగా అందులో ఒకటిన్నర క్రెడిట్లు నావి.

"ఇదేం చోద్యమమ్మా? పిల్ల మాడిపోదూ?" అన్నాను. పాత అలవాటు కదా, అమ్మ చెప్పినదాన్ని కొట్టేసి, టీవీ పెట్టాను.